పుస్తకాల పెట్టెల్లో ఇటుకలు

మూడో పెట్టె కూడా విప్పి చూశాక, నాలుగోది విప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అందులోనూ ఇటుకలే. బూడిదరంగు ఇటుకలు, ఎవరో తీరిగ్గా పేర్చినట్టు సందు లేకుండా ఉన్నాయి. పెట్టె మీద మాత్రం లావుపాటి నల్ల అక్షరాల్లో 'పిల్లల కథలు' అని రాసి ఉంది.

డిటెక్టివ్ కుముదిని మోకాళ్ల మీద కూర్చుని ఆ అక్షరాల వైపు చూసింది. గుండె జోరుగా కొట్టుకుంటోంది. భయం వల్ల కాదు. రైల్వే రక్షక దళంలో ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడూ అంతే, ఆ ఉద్యోగం వదిలేసి పవర్ హౌస్ బజార్లో సొంత ఆఫీసు తెరిచాకా అంతే. కేసు వేడివేడిగా చేతికి వచ్చిందంటే ఆమెకు ఆకలీ నిద్రా గుర్తుకు రావు.

"మిగతావన్నీ విప్పండి," అంది.

విప్పారు. సెక్టర్ 4లో కొత్తగా కట్టిన ఆ హాల్లో, ఇంకా రంగు వాసన వదలని గోడల మధ్య, పెట్టె తరవాత పెట్టె నోరు తెరిచింది. ఒక్క పుస్తకం లేదు.

భిలాయ్ స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కూలీలు క్యాంప్ 1లో ఒక రేకుల షెడ్డులో మొదలుపెట్టిన గ్రంథాలయం అది. మూడు తరాలు అక్కడే చదువుకున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీగా పెరిగిన కుముదినికి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది కూడా ఆ షెడ్డులోనే. ఇన్నేళ్లకు దానికి సొంత భవనం అమరింది. పొద్దున్నే మొదటి లారీ పుస్తకాలు బయలుదేరాయి. వచ్చినవి ఇవీ.

"రేపు పొద్దున్నే ప్రారంభోత్సవం," అంది భాగ్యరేఖ. కమిటీకి కార్యదర్శి ఆమె, బడిలో తెలుగు టీచరు. కుముదినికి కబురు పంపిందీ ఆమే. "ప్లాంటు వాళ్లు స్థలం ఇచ్చినప్పుడే షరతు పెట్టారు. రేపటికల్లా పుస్తకాలతో గ్రంథాలయం తెరిచి ఉండాలి. లేకపోతే భవనాన్ని వేరే పనికి కేటాయిస్తారు. ఇప్పటికే రెండుసార్లు గడువు అడిగాం. ఇంకోసారి ఇవ్వరు."

"దీనికి డిటెక్టివ్ ఎందుకు మేడమ్? దొంగ మీ ఎదురుగానే కూర్చున్నాడుగా," అంది గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు.

కుముదిని తల తిప్పకుండానే గుర్తుపట్టింది. సుభాష్. రక్షక దళంలో ఇద్దరూ ఒకే ఏడు చేరారు. ఆమె పట్టుకున్న దొంగల్ని తన ఖాతాలో వేసుకోవడంలో అతను ఆరితేరినవాడు. ఇప్పుడు సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడు. ఈ భవనానికి కాపలా అతని మనుషులదే.

సుభాష్ వేలు చూపించిన చోట ఒక ముసలాయన గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. పేరు సింహాద్రి. ప్లాంటులో రిటైరైన దగ్గర్నుంచీ జీతం భత్యం లేకుండా గ్రంథాలయం చూసుకుంటున్న మనిషి. కుముదిని వెళ్లి ఆయన పక్కనే కింద కూర్చుంది.

"సింహాద్రి బాబాయ్, పెట్టెలు సర్దింది ఎవరు?"

"నానేనమ్మా. నాను, మా ఇంటిది గున్నమ్మ. నిన్న సాయంత్రానికి సగం కట్టినాం. టేపేసింది నానే, పేర్లు రాసింది నానే."

"లారీలో ఎవరొచ్చారు?"

"నానే. పెట్టెల మీద కూకుని వచ్చినాను. దారిలో ఎక్కడా ఆగనేదు."

"దింపాక?"

"హాలుకి తాళమేసి, భాగ్యరేఖమ్మోలింటికి అందరం భోజనాలకెల్లినాం. తిరిగొచ్చి సూత్తే..." ఆయన ఇటుకల వైపు చెయ్యి చూపించాడు. "మిగతా సగం ఇంకా క్యాంపులోనే ఉన్నాదమ్మా. గున్నమ్మ కాపలా ఉన్నాది. ఆటికి కూడా ఏటైనా అయితే నాను బతకను."

"విన్నారా?" సుభాష్ చేతులు కట్టుకున్నాడు. "సర్దింది ఇతను, టేపు వేసింది ఇతను, వెంట ఉండి తెచ్చింది ఇతను. పుస్తకాలు రాత్రే పాత సామాన్ల కబాడీ కొట్టుకు చేరిపోయాయి. ముందు ఆ సంచీ వెతకండి."

"వెతుకుదాం," అంది కుముదిని. సింహాద్రి భుజాన ఉన్న గుడ్డసంచీ తీసుకుని అందరి ఎదుటా నేల మీద బోర్లించింది. కళ్లజోడు, కత్తెర, సగం అయిపోయిన టేపు చుట్ట, గుప్పెడు ఎండు వేపాకు. అంతే. సంచీని తిరగేసి దులిపింది. ఇంకేమీ రాలలేదు.

"ఈ వేపాకు ఏమిటి బాబాయ్?"

"పురుగట్టకుండా. పెట్టెకింత అడుగునేసి, దాని మీద పుస్తకాలు పేర్సినాను."

ఎవరో కాగితం గ్లాసుతో నీళ్లు తెచ్చి సింహాద్రికి అందించారు. అతను మహేశ్, కమిటీ ఉపాధ్యక్షుడు. ముప్పై దాటిన కుర్రాడు, ఊళ్లో రెండు చోట్ల కోచింగ్ సెంటర్లు నడుపుతున్నాడు.

"దీదీ, అంకుల్‌ని టెన్షన్ పెట్టకండి ప్లీజ్. ఆయన అలాంటి ఆద్మీ కాదు," అన్నాడు మెత్తగా.

కుముదిని తలూపింది. సంచీలోని సామాను మళ్లీ అందులో సర్ది సింహాద్రికి ఇచ్చేసి, 'పిల్లల కథలు' పెట్టె దగ్గరకు వెళ్లింది. ఇటుకలు ఒక్కొక్కటే బయటికి తీసింది. చేతికి చల్లగా తగిలాయి. అడుగున పెట్టె మూలల్లో, ఇటుకల బరువుకు నలిగి పొడుమైన ఎండాకు కనబడింది.

"సుభాష్, ఇలా రా. ఇది పట్టుకో."

సుభాష్ అయిష్టంగానే ఇటుక అందుకున్నాడు. "తడిగా ఉంది. అయితే?"

"ఇవి రాత్రి క్యాంపులోనే పెట్టి ఉంటే ఈపాటికి అట్టపెట్టె అడుగు నానిపోవాలి. ఎత్తగానే ఊడి కాళ్ల మీద పడాలి. చూడు, అట్ట ఎలా పెళపెళలాడుతోందో! ఇటుకలు ఇందులోకి వచ్చి రెండు మూడు గంటలకు మించి కాలేదు. అడుగున వేపాకు ఉందంటే ముందు దీంట్లో పుస్తకాలే ఉన్నాయి. సింహాద్రి బాబాయ్ పుస్తకాలే తెచ్చాడు. మార్పు జరిగింది ఈ హాల్లో, మీరంతా భోజనాలకు వెళ్లినప్పుడు."

"అసంభవం!" సుభాష్ ముఖం ఎర్రబడింది. "గేటు దగ్గర నా గార్డు ఉన్నాడు. లారీ తిరిగి వెళ్లేటప్పుడు ఎక్కి మరీ చూశాడు, ఖాళీ. ఆ తరవాత ఈ గేటు దాటి సూది కూడా బయటికి పోలేదు. నా ఏజెన్సీ పేరు పెట్టి చెబుతున్నా."

"ఆ గార్డుని పిలు."

గార్డు వచ్చాడు. లోపలికి ఎవరొచ్చారని అడిగితే, మొదట సుభాష్ వైపు చూసి, తరవాత నోరు విప్పాడు.

"చార్ మజ్దూర్ ఆయే థే మేడమ్, నలుగురు కూలీలు. కమిటీ వాళ్లు పంపారన్నారు. హాల్ సాఫ్ చేయాలన్నారు. తాళంచెవి నా కేబిన్లోదే ఇచ్చాను. పనయ్యాక వెళ్లిపోయారు. నలుగురినీ తలాశీ చేశాను, ఒళ్లంతా వెతికాను, ఖాళీ చేతులే."

"కమిటీలో ఎవరు పంపారు?" కుముదిని చుట్టూ చూసింది.

భాగ్యరేఖ తల అడ్డంగా ఊపింది. మహేశ్ భుజాలెగరేశాడు. సుభాష్ గార్డు వంక కొరకొర చూశాడు. మజ్దూర్ల సంగతి అతనికీ ఇప్పుడే తెలిసింది.

"ఖాళీ చేతులతో పోయారు. సూది కూడా బయటికి పోలేదు," అంది కుముదిని. ఆమె కళ్లు మెరిశాయి. "థాంక్స్ సుభాష్! నా పని సగం నువ్వే చేసిపెట్టావు."

"నేనేం చేశాను?"

"నీ కాపలా అంత గట్టిదైతే పుస్తకాలు ఎక్కడికి పోతాయి? ఇక్కడే ఉన్నాయి. ఈ ఆవరణలోనే!"

భాగ్యరేఖ ముందుగా లేచి పక్క గది తలుపు తోసింది. తరవాత అందరూ ఒక్కసారే కదిలారు. పక్క గదులు రెండూ, మెట్ల కింద చోటు, డాబా, వాటర్ ట్యాంకు వెనక, అన్నీ గాలించారు. భాగ్యరేఖ చీర కొంగు నడుముకు చుట్టుకుని నిచ్చెనెక్కి అటక మీదకు తల పెట్టింది. సున్నం డబ్బాలు తప్ప ఏమీ లేవు.

"చాలా మేడమ్, ఇంకా వెతకాలా?" అన్నాడు సుభాష్. "వేలకొద్దీ పుస్తకాలు. అగ్గిపెట్టెలో పట్టేవి కావు."

కుముదిని వినిపించుకోలేదు. ఫోను టార్చి వెలిగించి, చెంప దాదాపు నేలకు ఆనేలా వంగి హాలంతా చూస్తోంది. మజ్దూర్లు నిజంగానే ఊడ్చారు. శుభ్రంగా ఊడ్చారు. కానీ పెరటి తలుపు కింది పట్టీ సందులోకి చీపురు వెళ్లలేదు. అక్కడ చిటికెడు వేపాకు పొడి ఇరుక్కుని ఉంది.

ఆమె తలుపు తోసుకుని పెరట్లోకి వెళ్లింది. ప్రహరీ కట్టగా మిగిలిన బూడిద ఇటుకల గుట్ట ఒక మూల. కొత్త గోడ మీద పోసిన నీళ్లు దాని మీదుగా కారుతున్నాయి. సగానికి పైగా తరిగిపోయిన గుట్ట చుట్టూ ఇటుకలు లేపేసిన తడి గుర్తులు. ఇటుకలు ఇక్కడి నుంచి లోపలికి వెళ్లాయి. మరి పుస్తకాలు? ఆమె చూపు సిమెంటు చప్టా మీద నెమ్మదిగా పాకింది. మధ్యలో నీళ్ల సంపు. దాని ఇనుప మూతకు కొత్త తాళం.

"ఈ తాళం ఎవరు వేశారు?"

"పిల్లలొస్తారు కదా, పడిపోతారని వేయించాం అనుకుంటా," అన్నాడు వెనకే వచ్చిన మహేశ్. "అది ఖాళీ సంపు దీదీ."

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర హారన్ మోగింది. నీళ్ల ట్యాంకరు. గార్డు గేటు తీశాడు. ట్యాంకరు పక్కగోడ దాకా వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, లావుపాటి గొట్టం లాక్కొచ్చి గోడవార ఉన్న పైపు మూతిలో దూర్చాడు. సంపులోకి నీళ్లు దిగే పైపు అది.

కుముదిని చటుక్కున మోకాళ్ల మీద వంగింది. ఇనుప మూత అంచున, తాళం కొక్కెం చుట్టూ, పచ్చటి పొడి.

"బంద్ కరో!" ఆమె అరుపు గోడలకు తగిలి మోగింది. "పానీ బంద్ కరో!"

ట్యాంకరు ఇంజను హోరులో డ్రైవరుకు వినబడలేదు. గొట్టం పాములా ఉలిక్కిపడి లావెక్కింది. కాళ్ల కింద, చప్టా లోపల, ధారగా నీళ్లు పడుతున్న చప్పుడు మొదలైంది. కుముదిని పరుగందుకోబోతే సుభాష్ అడ్డుపడి చెయ్యి పట్టుకున్నాడు.

"పిచ్చి పట్టిందా? సంపులో నీళ్లు పోయక ఏం పోస్తారు?"

"పుస్తకాలు సంపులో ఉన్నాయి సుభాష్!"

అతని ముఖంలో రంగు మారడం ఆమె చూసింది. మరుక్షణం చెయ్యి వదిలేశాడు. వదిలేసి అతనే పరిగెత్తాడు. యాభై ఏళ్ల మనిషి, పొట్టతో సహా ట్యాంకరు దాకా దూసుకువెళ్లి గొట్టాన్ని రెండు చేతులా పట్టి పైపులోంచి పెరికేశాడు. నీళ్లు ఎగిసి అతని ముఖాన కొట్టాయి. తడిసి ముద్దయి, గొట్టాన్ని అలాగే కాలవ వైపు తిప్పి పట్టుకుని, డ్రైవరును నోటికొచ్చిన తిట్లన్నీ హిందీలో తిట్టాడు.

"గునపం! ఎవరైనా గునపం తెండి!"

గార్డు తెచ్చాడు. సుభాష్ రెండు దెబ్బలకు తాళం విరగ్గొట్టాడు. మూత లేచింది. కుముదిని టార్చి లోపలికి తిప్పింది.

మనిషి లోతు సంపు నిండా పుస్తకాలు! కట్టలు కట్టలుగా, గోడల వెంట దొంతర్లుగా. ఒక మూల పల్లంలో నీళ్లు తళతళలాడుతున్నాయి. ఆ మూల దొంతర్ల అడుగు తడిసింది. మిగతావి పొడిగా, భద్రంగా ఉన్నాయి.

"ఉన్నాయి! ఉన్నాయండీ!" భాగ్యరేఖ చిన్నపిల్లలా గెంతింది. ఆ కేకకు పక్క క్వార్టర్ల వాళ్లు గోడల మీంచి తొంగిచూశారు. చూసినవాళ్లు చూస్తూ ఉండిపోలేదు, గేటులోంచి పరిగెత్తుకొచ్చారు.

కుముదిని ఇనుప మెట్ల మీదుగా లోపలికి దిగి, తడి మూల నుంచే మొదలుపెట్టి కట్టలు పైకి అందించింది. అంచున బోర్లా పడుకుని సింహాద్రి వాటిని అందుకోబోయాడు. భుజాన వేలాడుతున్న సంచీ అడ్డొస్తోంది.

"బాబూ మహేశూ, ఇది కూసింత పట్టుకో నాయినా. బేగి, బేగి!"

మహేశ్ సంచీ తీసి తన భుజాన తగిలించుకున్నాడు. కట్టలు చేతులు మారాయి. సంపు నుంచి సింహాద్రికి, ఆయన నుంచి భాగ్యరేఖకు, ఆమె నుంచి వాళ్లకూ వీళ్లకూ, అలా వరసగా హాలు దాకా. అట్ట మీద బొమ్మ చూసి "అరే, ఇది నేను చదివానే!" అని ఒకరు, "ముందు అందించు, తరవాత చదువుదువు గాని" అని ఇంకొకరు. సింహాద్రి ప్రతి కట్టనూ ఒకసారి గుండెకు హత్తుకుని గాని వదలడం లేదు. ఎండ పూర్తిగా వాలకముందే సంపు ఖాళీ అయింది.

పైకి వచ్చిన కుముదిని చీర అంచులు పిండుకుంటూ నేరుగా ట్యాంకరు డ్రైవరు దగ్గరకు వెళ్లింది.

"నిన్ను ఎవరు రమ్మన్నారు?"

"ఫోన్ ఆయా థా మేడమ్. లైబ్రరీ సంపు నింపాలి, చార్ బజే కల్లా రావాలి అన్నారు. ఆద్మీని చూడలేదు."

"ఆ నంబరుకు ఇప్పుడు ఫోన్ చెయ్. ఇక్కడే, అందరి ముందూ."

డ్రైవరు నొక్కాడు. పెరడంతా నిశ్శబ్దం. ఒక్కసారిగా సన్నగా పాట లాంటి రింగు మోగింది.

సింహాద్రి సంచీలోంచి.

మహేశ్ ఉలిక్కిపడినట్టు సంచీని భుజం మీంచి తీసి ముందుకు చాపాడు. "అంకుల్... మీరా?" అన్నాడు. లోపల ఫోను వెలుగుతూ ఆరుతోంది. జనంలో గుసగుసలు లేచాయి.

"నే చెప్పలేదూ!" సుభాష్ ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్ సుభాష్," అంది కుముదిని. "ఈ సంచీ నేను నీ కళ్లముందే బోర్లించి దులిపాను. అందులో ఫోను ఉందా?"

సుభాష్ ఆలోచించాడు. "లేదు," అన్నాడు మెల్లగా.

"ఆ తరవాత అది బాబాయ్ భుజాన ఉంది. ఆయన మన కళ్ల ముందు నుంచి కదల్లేదు. ఆయన భుజం దిగాక పట్టుకున్న మనిషి ఒక్కడే."

అందరి తలలూ అటు తిరిగాయి. మహేశ్ ఒకడుగు వెనక్కి వేశాడు. సుభాష్ చెయ్యి ముసలాయన భుజం మీంచి లేచి, అతని కాలరు మీద పడింది. ఈసారి సరైన మనిషి మీదే పడింది.

"డ్రైవర్ని అడుగుతానని నువ్వు ఊహించలేదు కదూ?" అంది కుముదిని. "నీ జేబులో ఫోను ఉంచుకోలేవు, తీసి ఆపలేవు. నేను అతని దగ్గరకు వెళ్లడం చూసి సంచీలోకి జార్చావు. పెట్టెల్లో ఇటుకలు పెట్టించింది కూడా నేరం ఈయన మీదకు పోవాలనే. ఎందుకు మహేశ్?"

మహేశ్ కాలరు విడిపించుకోబోయాడు. తరవాత ఒక్కసారిగా పేలాడు.

"ఎందుకా? ఈ హాలు చూడండి దీదీ! నా స్టూడెంట్లు కారిడార్లలో కూర్చుని చదువుతున్నారు. ఇక్కడేమో ఎవరూ ముట్టని పుస్తకాలు! ఈ ఊళ్లో పుట్టిన పిల్లల్లో తెలుగు చదవడం ఎంతమందికి వచ్చు? నాకే రాదు! రేపు ఇది తెరుచుకోకపోతే భవనం నా సెంటర్‌కి వచ్చేది."

"రాకపోతే నేర్పించేవాళ్లం కదయ్యా," అంది భాగ్యరేఖ. "మా క్లాసు పిల్లలు రేపటి కోసం పాట నేర్చుకుంటున్నారు. నువ్వే కదా మైకు తెప్పిస్తానన్నావు."

కుముదిని సంచీలోంచి ఆ ఫోను బయటికి తీసింది.

అప్పుడు కుముదిని చేతిలో ఫోను మళ్లీ మోగింది.

ఈసారి ట్యాంకరు డ్రైవరు చేసింది కాదు. నంబరు వేరు. ఆమె పెదవుల మీద వేలు పెట్టి అందరినీ ఊరుకోమని, స్పీకరు నొక్కింది.

"భయ్యా," అంది అవతలి గొంతు, "మేం నలుగురం క్యాంప్ 1 వచ్చేశాం. దూస్రీ లారీ, మిగతా పెట్టెలది, లోడ్ అయిపోయింది. డ్రైవర్ చాయ్ తాగడానికి వెళ్లాడు, తాళం బండికే ఉంది, మేం ఎక్కేశాం. మగర్ ఏక్ ప్రాబ్లమ్. ఒక ముసలమ్మ వెనకాల పెట్టెల మీద కూర్చుంది. ఎంత చెప్పినా దిగట్లేదు. ఏం చేయాలి?"

సింహాద్రి నోట్లోంచి కేక రాబోయింది. భాగ్యరేఖ గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. మహేశ్ బదులు ఆడగొంతు వినబడితే అంతా చెడుతుంది. కుముదిని ఫోను సుభాష్ నోటి దగ్గర పెట్టింది. అతనికి విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

"ముసలమ్మను ముట్టుకోకండి," అన్నాడు గొంతు తగ్గించి, దగ్గుతూ. "బండి తిన్నగా సెక్టర్ 4కే తీసుకురండి."

"అరే భాగో!" మహేశ్ గొంతు చించుకుని అరిచాడు. "భాగో! పకడే గయే!"

గార్డు అతని నోరు నొక్కేసరికే ఆలస్యమైపోయింది. ఫోన్లో ఇంజను గర్జించింది. గేర్లు మారిన చప్పుడు. అవతలివాడు కంగారులో ఫోను కట్ చేయకుండానే జేబులో పడేసినట్టున్నాడు. గుడ్డ రాపిడి, గాలి హోరు, వాటన్నిటి వెనక నుంచి ఒక ఆడమనిషి అరుపు.

"ఎవుల్రా మీరు? మా లారీ ఆపండ్రా! నాను దిగనంటే దిగను!"

"గున్నమ్మా!" సింహాద్రి గేటు వైపు పరిగెత్తబోయాడు.

"బండి తియ్ సుభాష్!" అంది కుముదిని. అతను అప్పటికే మోటారు సైకిలు దగ్గర ఉన్నాడు. తడి బట్టల్లోంచి నీళ్లు కారుతుండగానే కిక్కు కొట్టాడు.

"ఎటని పోవాలి? భిలాయ్ అంతా వెతకలేం!"

ఆమె వెనక ఎక్కి కూర్చుని ఫోను చెవికి బిగించి పట్టుకుంది. గాలి హోరును చీల్చుకుంటూ గున్నమ్మ గొంతు దారి పొడుగునా కనబడినవాళ్లందరినీ పిలుస్తోంది.

"పవర్ హౌస్ బజారు దాటించేత్తన్నార్రా! పెద్దరోడ్డు మీద రాయ్‌పూర్ వైపు తిప్పేత్తన్నారు! ఓ భయ్యా! ఎవులైనా ఆపండర్రా, మా పుస్తకాలూ!"

"రాయ్‌పూర్ రోడ్డు!" కుముదిని సుభాష్ భుజం మీద గట్టిగా చరిచింది. "పోనీ!"